యుద్ధ ఆటల్లో చరిత్ర వింతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడిన తరం ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రి పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్‌లో మళ్లీ అదే ఆట ఆడుతోంది. వయసు పెరిగాక ఆడితే చిన్నప్పుడు రాని అనుమానాలు వస్తాయి. ఈ సైనికులు ఎప్పుడు తింటారు? పిల్లలెక్కడ? కత్తితో కొడితే కోటకు మంటలెలా అంటుకున్నాయి? ఆట నియమాలనే నిజమైన చరిత్ర అనుకుంటే నవ్వు ఆగదు. అయితే ఆ నవ్వొచ్చే చోటే నిజమైన యుద్ధాల్లో రాజులకు నిద్రపట్టని సమస్య ఉండేదని నా నమ్మకం. ఆట సాఫీగా సాగడం కోసం దేన్ని పక్కన పెట్టారో చూస్తే, యుద్ధాలు దేనివల్ల గెలిచారో, దేనివల్ల ఓడారో అర్థమవుతుంది.

ఇక్కడ ఏ ఆటల గురించి చెబుతున్నారు?

ముఖ్యంగా ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారుచేసిన ఈ ఆటను మైక్రోసాఫ్ట్ 1999లో విడుదల చేసింది. 2019లో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది. కొన్నిచోట్ల 1991లో మొదలైన సివిలైజేషన్ ఆటల ప్రస్తావన కూడా ఉంటుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ధరలు, సమయాలు 1999 నాటి ఆటవి. తర్వాతి అప్‌డేట్లలో కొన్ని మారాయి.

సైనికుడికి ఒక్కసారి 60 ఆహారం పెడితే ఇక జీవితాంతం తిండి అక్కర్లేదా?

ఆట ప్రకారం అక్కర్లేదు. మిలీషియా వాడి ధర 60 ఆహారం, 20 బంగారం. నైట్ ధర 60 ఆహారం, 75 బంగారం. ఈ రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూడండి. కాలినడకన వెళ్లేవాడికీ 60, గుర్రం మీద వెళ్లేవాడికీ 60. అంటే గుర్రం అసలేమీ తినదన్నమాట. సైన్యాన్ని తయారు చేసి కోట ముందు నిలబెట్టి, మీరు భోంచేసి వచ్చినా వాళ్లలో ఒక్కడు కూడా ఆకలితో చావడు.

నిజానికి యుద్ధమంటే ముందు మేత లెక్క. గుర్రం రోజుకు సుమారు 10 కిలోల మేత తింటుంది. 10,000 గుర్రాలున్న సైన్యానికి రోజుకు లక్ష కిలోలు కావాలి. దాన్ని ఎడ్ల మీద మోయించాలంటే, ఒక్కో ఎద్దు 100 కిలోలు మోస్తుందనుకుంటే, ఒక్క రోజు మేతకే 1,000 ఎడ్లు. ఆ ఎడ్లకూ మేత కావాలి. అందుకే దండయాత్రలు పంట చేతికొచ్చే కాలం చూసుకుని బయలుదేరేవి, నది పక్కనే నడిచేవి, ఒకేచోట ఎక్కువ రోజులు ఉండలేకపోయేవి.

దక్కన్‌లో ఈ భారం మోసింది బంజారాలు, మన లంబాడీలు. వేల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని మొఘలుల సైన్యాల వెంట, తర్వాత కంపెనీ సైన్యాల వెంట వాళ్లు నడిచారు. వాళ్లు లేకపోతే ఏమయ్యేదో 1791లో కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌కు తెలిసొచ్చింది. బెంగళూరు కోట పట్టుకుని, ఆ మే నెలలో శ్రీరంగపట్నం దగ్గరికి వెళ్లి, అక్కడి పోరులో టిప్పు సేనను వెనక్కి నెట్టాడు కూడా. కానీ ఎడ్లు చచ్చిపోయాయి, ధాన్యం అయిపోయింది. కష్టపడి అంతదూరం ఈడ్చుకొచ్చిన పెద్ద ఫిరంగులను చేతులారా పాడుచేసి వెనక్కి తిరగాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ధాన్యం ఏర్పాట్లు చక్కబెట్టుకుని వచ్చాకే టిప్పు సంధికి ఒప్పుకున్నాడు. మొదటిసారి అతన్ని తిప్పి పంపింది ఖాళీ బస్తాలు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో బంజారా యూనిట్ ఒకటి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

విలేజర్ 25 సెకన్లలో పుడతాడు. మరి పిల్లలెక్కడ?

లేరు. టౌన్ సెంటర్‌లో 50 ఆహారం కడితే 25 సెకన్లకు పూర్తిగా ఎదిగిన మనిషి గొడ్డలి పట్టుకుని బయటికొస్తాడు. ఆ మనిషికి తల్లిదండ్రులు లేరు, ముసలితనం రాదు. ఇదే ఆటలో వండర్ అనే అద్భుత కట్టడం కట్టి 200 సంవత్సరాలు కాపాడుకుంటే గెలుపు మీదే. ఆ 200 సంవత్సరాలు గడిచేసరికి మొదట్లో గొర్రెల్ని వెతికిన గుర్రం ఇంకా అదే హుషారుతో తిరుగుతూ ఉంటుంది.

దీనివల్ల ఆటలో మనిషి చాలా చవక. నిజంలో మనిషి కంటే ఖరీదైనది లేదు. ప్లేగు 1347లో యూరప్‌కు వచ్చి, నాలుగైదేళ్లలో జనాభాలో కనీసం మూడో వంతును తీసుకుపోయింది. పొలాలున్నాయి, దున్నేవాళ్లు లేరు. కూలి రేట్లు పెరిగిపోతుంటే ఆపడానికి ఇంగ్లండ్ 1351లో చట్టమే తెచ్చింది. టౌన్ సెంటర్ మీద ఒక్క నొక్కుతో ఆ లోటు తీరే ప్రపంచంలో ఇలాంటి చట్టం అవసరమే ఉండదు.

గొర్రెలు ఎవరు చూస్తే వాళ్లవి అయిపోతాయేంటి?

ఆటలో ఎక్కువ గొడవలు తెచ్చే నియమం ఇదే. మీ గుర్రం గొర్రెను చూసిందంటే అది మీ రంగులోకి మారిపోతుంది. దాని పక్కన మీ మనిషి లేకుండా శత్రువు గుర్రం వచ్చిందంటే అటు మారిపోతుంది. గొర్రెకు అంత త్వరగా దేశభక్తి మారుతుందా అని అడుగుతుంటారు.

పశువుల్ని తోలుకుపోవడం మాత్రం యుద్ధమంత పాతది. విరాటుడి కొలువులో పాండవులు దాక్కున్నప్పుడు కౌరవులు చేసింది గోగ్రహణమే. దక్షిణం నుంచి ఒకసారి, ఉత్తరం నుంచి ఒకసారి. రాయలసీమలో ఊరి బయట కనిపించే వీరగల్లుల్లో చాలావాటి మీద ఉన్నది ఇదే కథ. ఊరి ఆవుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయిన మనిషికి ఊరు రాయి నిలబెట్టింది. ఆటలో గొర్రె పోతే మనం కీబోర్డును తిట్టుకుంటాం. అప్పట్లో మంద పోతే ఏడాది బతుకే పోయేది.

కత్తితో గోడను కొడితే కోట కూలుతుందా?

ఆటలో కూలుతుంది. పది మంది కత్తులతో రాతిగోడను కొడుతూ ఉంటే కాసేపటికి మంటలు లేచి గోడ మాయమవుతుంది. రాతికి మంట ఎందుకు అంటుకుంటుందో ఎవరికీ తెలియదు.

ఇది పూర్తిగా అబద్ధమని మాత్రం అనలేం. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు జరిగింది పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. పై నుంచి బాణాలు, రాళ్లు పడుతుంటే గోడ దగ్గరికి వెళ్లడానికి ఎవరూ సాహసించడం లేదు. అప్పుడు గోడ నుంచి పీకి తెచ్చిన రాళ్లను డబ్బిచ్చి కొనడం మొదలుపెట్టారు. రాయిని బట్టి 10 పణాల (అప్పటి చిన్న నాణేలు) నుంచి 50 పణాల దాకా. ఇక జనం గునపాలు పట్టుకుని ఎగబడ్డారు. చాలాచోట్ల గోడ అలా విడిపోయింది. ఆట తయారుచేసిన వాళ్లకు ఈ సంగతి తెలిసి ఉంటే, గోడను కొట్టే ప్రతి సైనికుడికీ దెబ్బకింత బంగారం అని పెట్టి ఉండేవారేమో. క్రిస్టోవావ్ ద ఫిగెరేదో అనే పోర్చుగీసు అతను తన తుపాకీవాళ్లతో గోడ మీది కాపలాదారులను కాల్చి దింపడం కూడా ఆ ముట్టడికి బాగా పనికొచ్చింది.

ఆట చేసే అసలు పొరపాటు వేరేచోట ఉంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో మంచి గోడంటే రాతిగోడ. చవకదంటే కర్రలతో పాతిన కంచె. మట్టిగోడ ఆ లెక్కలోనే లేదు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేన ఓరుగల్లు ముందు నిలబడింది మట్టికోట ఎదుటే. ఉక్కు ఈటె కూడా అందులో దిగదని, రాతిగుండు వేస్తే పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి వస్తుందని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. రాయి దెబ్బకు రాయి పగులుతుంది, మట్టి ఆ దెబ్బను మింగేస్తుంది. చివరికి కందకాన్ని పూడ్చుకుంటూ లోపలికి రావాల్సి వచ్చింది. వరంగల్ వెళ్తే ఆ మట్టికట్ట ఇప్పటికీ చూడొచ్చు. తోరణాల దగ్గర ఫొటోలు తీసుకుని వెనక్కి వచ్చేసేవాళ్లు దాన్ని కూడా ఒకసారి చూడాలని నా కోరిక.

ట్రెబుషేను అలా మడిచి బండిలా తోసుకుపోయేవారా?

లేదు. ట్రెబుషే అంటే కోటల మీద పెద్ద రాళ్లు విసిరే కర్ర యంత్రం. ఆటలో అది 50 సెకన్లలో కోట లోపలి నుంచి తయారై వస్తుంది. కావాలంటే మడుస్తుంది, నడుస్తుంది, మళ్లీ విప్పుకుంటుంది. నిజంలో అది పెద్ద వడ్రంగి పని. 1304లో స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్ కోట ముందు ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ వార్‌వుల్ఫ్ అనే ట్రెబుషే కట్టించాడు. ఐదుగురు మేస్త్రీ వడ్రంగులు, దాదాపు 50 మంది పనివాళ్లు నెలల తరబడి చెక్కారు. అది పూర్తయ్యే సమయానికి కోటలోవాళ్లు లొంగిపోతామన్నారు. ఎడ్వర్డ్ ఒప్పుకోలేదు. ఇంత ఖర్చుపెట్టి కట్టించింది వాడకుండా లొంగుబాటు తీసుకునేది లేదని, దానితో గోడ మీద రాళ్లు వేయించాకే వాళ్లను బయటికి రానిచ్చాడు. ఓడిపోయినవాడు రిజైన్ కొట్టినా, చేతిలో ఉన్న ట్రెబ్‌లతో మిగిలిన ఇళ్లు కూల్చి గానీ వదలని ఆటగాళ్లు మనందరికీ తెలుసు. వాళ్లకు చరిత్రలో ఒక రాజు తోడున్నాడు.

మెక్సికోలోని అజ్‌టెక్‌లకు ట్రెబుషే ఇవ్వడం కూడా అందరూ అడిగేదే. వాళ్లకు బరువులు లాగే పశువులు లేవు, ఇలాంటి యంత్రాలూ లేవు. అయితే వాళ్ల రాజధాని టెనోచ్‌టిట్లాన్ మీద ఇలాంటిది నిజంగానే ఒకసారి ప్రయోగించారు. 1521లో మందుగుండు తగ్గిపోయిన స్పెయిన్ సేనాని కోర్టెస్ సేనలో ఒక సైనికుడు తనకు రాళ్లు విసిరే యంత్రం కట్టడం వచ్చన్నాడు. కట్టారు. రాయి పెట్టి వదిలితే అది నిట్టనిలువునా పైకి వెళ్లి తిరిగి యంత్రం మీదే పడింది. ఆ ప్రయత్నం అంతటితో ఆగిపోయింది.

ఒక సన్యాసి 'వొలోలో' అంటే శత్రువు మనవాడైపోతాడా?

ఆ పిలుపు 1997 నాటి మొదటి ఆటలోని పూజారిది. రెండో ఆటలో ఆ పని మాంక్ చేస్తాడు. చేతులు ఊపుతూ కాసేపు పాడితే ఎదుటి నైట్ రంగు మారిపోతుంది. ఏనుగు కూడా మారుతుంది. రిడెంప్షన్ అనే టెక్నాలజీ నేర్చుకుంటే రాళ్లు విసిరే యంత్రం, గుర్రపుశాల కూడా మతం మారతాయి. గుర్రపుశాల దేనికి నమస్కరిస్తుందన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

యుద్ధం మధ్యలో మనుషులు వైపు మారడం మాత్రం చరిత్రలో మామూలే. దాన్ని చేయించింది బంగారం. 1364లో జాన్ హాక్‌వుడ్ అనే ఇంగ్లిష్ కిరాయి సేనాని పీసా తరఫున ఫ్లారెన్స్ మీద యుద్ధం చేశాడు. 1375లో తమ మీదికి రాకుండా ఉండటానికి ఫ్లారెన్స్ అతనికి 1,30,000 ఫ్లోరిన్లు (బంగారు నాణేలు) చెల్లించింది. తర్వాత అదే ఊరు అతన్ని జీతానికి పెట్టుకుంది. 1394లో చనిపోతే ఘనంగా సాగనంపింది. 1436లో పావొలో ఉచెల్లో చేత ప్రధాన చర్చి గోడ మీద గుర్రంతో సహా అతని బొమ్మ వేయించింది. మన దేశంలో 1757 జూన్ 23న ప్లాసీలో మీర్ జాఫర్ తన సేనను కదలకుండా నిలబెట్టాడు. ఒక్క పాట కూడా వినిపించలేదు. బెంగాల్ రంగు మారిపోయింది.

యుద్ధపు ఏనుగు ధర అంత తక్కువా?

పర్షియన్ల ఏనుగు 200 ఆహారం, 75 బంగారం. ఆహారం తీసుకుని అర నిమిషంలో కోట తలుపులోంచి బయటికొస్తుంది. నిజమైన ఏనుగు తల్లి కడుపులోనే సుమారు 22 నెలలు ఉంటుంది. యుద్ధానికి పనికొచ్చే వయసు రావడానికి మరెన్నో ఏళ్లు. అందుకే రాజులు పెంచడం మాని, అడవిలో పెద్ద ఏనుగులను పట్టించి మచ్చిక చేయించేవారు. రోజుకు 100 నుంచి 150 కిలోల మేత. మౌర్యుల కాలం నుంచి ఏనుగుల అడవులకు ప్రత్యేక కాపలా ఉండటానికి కారణం ఇదే.

ఆటలో ఏనుగుకు భయం లేదు. ఇదొక పెద్ద లోటు. క్రీ.పూ. 207లో ఇటలీలోని మెటారస్ యుద్ధంలో రోమ్‌తో పోరాడిన కార్తేజ్ మావటీల దగ్గర ఒక ఉలి, ఒక సుత్తి ఉండేవని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఏనుగు బెదిరి సొంత సేన మీదికి తిరిగితే మెడ దగ్గర ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేసి చంపేయాలి. ఆ రోజు శత్రువుల చేతిలో కంటే సొంత మావటీల చేతిలోనే ఎక్కువ ఏనుగులు చచ్చాయట. ఏనుగు యూనిట్‌కు 'డిలీట్' బటన్ ఉండటం మాత్రం చారిత్రకంగా సరైనదే.

చైనావాళ్లకు తుపాకీ లేదు, గోత్‌లకు ఉంది. ఇదేం న్యాయం?

1999 ఆటలో చైనీయులు హ్యాండ్ కానొనీర్‌ను, అంటే చేతి తుపాకీ సైనికుడిని తయారు చేయలేరు. మందుగుండు కనిపెట్టింది వాళ్లే. 1044 నాటి చైనా సైనిక గ్రంథంలో దాని పాళ్లు ఉన్నాయి. దొరికినవాటిలో అతి పాత చేతి ఫిరంగులూ చైనావే, 13వ శతాబ్దానివి. రోమన్ల కాలం నాటి జర్మానిక్ జాతి అయిన గోత్‌ల సంగతి చూస్తే, స్పెయిన్‌లో వాళ్ల రాజ్యం 711లో కూలింది. యూరప్‌లో చేతి తుపాకులు కనిపించేసరికి మరో ఆరు వందల ఏళ్లు గడిచాయి. అయినా ఆటలో గోత్‌లు దర్జాగా కాలుస్తారు. కారణం ఆటలో సమతూకం తప్ప మరొకటి కాదు.

సివిలైజేషన్‌లో ఈటెవాడు ట్యాంకును ఎలా గెలుస్తాడు?

పాత సివిలైజేషన్‌లలో పోరు అంటే పాచికలు వేసినట్టే. బలహీనుడికి కొద్దిపాటి అవకాశం ఎప్పుడూ మిగిలే ఉండేది. వందల పోరాటాల్లో ఎక్కడో ఒకచోట ఫాలాంక్స్ అనే పాతకాలపు ఈటెల దళం యుద్ధనౌకను ముంచేసేది. దాన్ని చూసినవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈటెకు ట్యాంకు లొంగదు కానీ, తుపాకీ లొంగింది. 1879 జనవరి 22న దక్షిణ ఆఫ్రికాలోని ఇసాండ్ల్వానాలో సుమారు 20,000 మంది జూలూ వీరులు, ఎక్కువగా ఈటెలు, డాళ్లతో, సుమారు 1,800 మంది ఉన్న బ్రిటిష్ సేన మీద పడ్డారు. రైఫిళ్లు, ఫిరంగులు ఉన్న ఆ సేనలో దాదాపు 1,300 మంది చనిపోయారు. బ్రిటిష్‌వాళ్లు సేనను రెండుగా చీల్చారు, శిబిరం చుట్టూ రక్షణ కట్టలేదు. జూలూలు కొమ్ముల్లా రెండు పక్కల నుంచీ చుట్టుముట్టారు. ఆట పాచికలకు వదిలేసిన దాన్ని అక్కడ ఒక సేనాని అజాగ్రత్త, మరో సేన క్రమశిక్షణ నిర్ణయించాయి.

సివిలైజేషన్‌లో దూరాలు, కాలాలు లెక్క వేస్తే ఏమొస్తుంది?

ఇది లెక్క వేసి చూడాల్సిందే. సివిలైజేషన్ 5లో స్టాండర్డ్ మ్యాప్ వెడల్పు 80 గడులు. దాన్ని భూమి అనుకుంటే చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి ఒక్కో గడి 500 కిలోమీటర్లు. మామూలు విలుకాడు రెండు గడుల దూరం కొడతాడు, అంటే 1,000 కిలోమీటర్లు. ఇంగ్లిష్ లాంగ్‌బోమన్ మూడు గడులు కొడతాడు. అతను హైదరాబాద్‌లో నిలబడి ఢిల్లీలో ఉన్నవాడిని కొట్టగలడు, ఇంకా బాణంలో ఊపు మిగులుతుంది. నిజమైన లాంగ్‌బో బాణం కొన్ని వందల మీటర్లు పోతే గొప్ప.

ఇప్పుడు కాలం. మామూలు వేగంలో ఆట క్రీ.పూ. 4000లో మొదలై మొదట్లో ఒక్కో టర్న్ (ఆటగాడి వంతు) 40 ఏళ్లు. వారియర్ ఒక టర్న్‌లో రెండు గడులు నడుస్తాడు. 40 ఏళ్లలో 1,000 కిలోమీటర్లు, ఏడాదికి 25, రోజుకు సుమారు 70 మీటర్లు. సామాన్లు మోసుకుంటూ నడిచే పాతకాలపు సైన్యాలే రోజుకు 15 నుంచి 25 కిలోమీటర్లు వెళ్లేవి. ఒకే ఆటలో బాణం ఖండాలు దాటుతుంది, దాన్ని వేసినవాడు ఉదయం నుంచి సాయంత్రం దాకా నడిచి వీధి చివరకు చేరతాడు.

గాంధీ అణుబాంబుల కథ నిజమేనా?

మొదటి సివిలైజేషన్‌లో గాంధీకి దూకుడు 1 అని పెట్టారని, ప్రజాస్వామ్యం రాగానే అందులోంచి 2 తీసేస్తే లెక్క తిరగబడి 255 అయ్యిందని, అందుకే ఆయన అందరి మీదా అణుబాంబులు వేసేవాడని ఒక కథ ఇంటర్నెట్‌లో బాగా తిరిగింది. అది నిజం కాదు. ఆట సృష్టికర్త సిడ్ మైయర్ 2020లో తన జ్ఞాపకాల్లో ఈ కథను స్పష్టంగా ఖండించాడు. ఆ ఆటలో గాంధీ అందరిలాంటి నాయకుడే. మిగతావాళ్లు అణుబాంబు వేస్తే మామూలుగా అనిపించేది, గాంధీ నోటి నుంచి అణు బెదిరింపు వస్తే మాత్రం మనసులో నిలిచిపోయేది.

2010లో వచ్చిన సివిలైజేషన్ 5లో మాత్రం నిజంగానే చేశారు. అణ్వాయుధాలు వాడే ఇష్టానికి మామూలుగా 10 దాటని కొలతలో గాంధీకి కావాలనే 12 పెట్టారు. ఉప్పు సత్యాగ్రహం పాఠంగా చదువుకున్న మనకు అది చూసినప్పుడు నవ్వుతోపాటు కాస్త చివుక్కుమంటుంది కూడా. ఆ రెండూ సరైన స్పందనలే.

వింతగా కనిపించినా నిజమే అయిన నియమం ఏదైనా ఉందా?

ఉంది. రెలిక్. ఒక పవిత్ర వస్తువును మాంక్ తెచ్చి మఠంలో పెడితే బంగారం దానంతటదే వస్తూ ఉంటుంది. ఇది కల్పన అనుకుంటారు కానీ, మధ్యయుగంలో సరిగ్గా ఇలాగే జరిగేది. సాధువుల అవశేషాలు ఉన్న చర్చికి యాత్రికులు వచ్చేవారు, కానుకలు వేసేవారు. అందుకే వాటిని దొంగిలించేవారు కూడా. 828లో వెనిస్ వర్తకులు సెయింట్ మార్క్ దేహాన్ని అలెగ్జాండ్రియా నుంచి ఎత్తుకొచ్చారని, ముస్లిం తనిఖీదారులు చేయి పెట్టకుండా పైన పంది మాంసం కప్పారని వెనిస్ గర్వంగా చెప్పుకుంది. బుద్ధుడి ధాతువుల కోసం కూడా రాజులు యుద్ధానికి సిద్ధపడితే, ద్రోణుడనే బ్రాహ్మణుడు ఎనిమిది భాగాలు చేసి పంచాడని బౌద్ధులు చెబుతారు. మన భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు కరండాలు ఆ భక్తికి సాక్ష్యం.

సైనికులు భయపడి ఎందుకు పారిపోరు?

ఈ ఆటలన్నిటిలో నాకు లోటుగా తోచేది ఇదే. పక్కవాళ్లంతా చచ్చినా ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ సైనికుడు చెప్పినచోటే నిలబడతాడు. జీతం బకాయి పడినా అడగడు. పుకారు వినడు.

పుకారు ఎంత పని చేస్తుందో ఓరుగల్లు చరిత్రలోనే ఉంది. 1321 ప్రాంతంలో ఢిల్లీ సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుఘ్ ఖాన్ ప్రతాపరుద్రుడి మీదికి వచ్చి కోటను ముట్టడించాడు. లోపల పరిస్థితి బాగా దిగజారింది. ఇంతలో ఢిల్లీ నుంచి రావాల్సిన టపా ఆగిపోయింది. ఉబైద్ అనే కవి, మరికొందరు సుల్తాన్ చనిపోయాడని శిబిరంలో ప్రచారం చేశారని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు. సేనానులు నమ్మారు. ఎవరి దారిన వాళ్లు తమ బలగాలు తీసుకుని వెళ్లిపోయారు. గెలవబోతున్న ముట్టడిని వదిలి ఉలుఘ్ ఖాన్ దేవగిరికి తప్పుకోవాల్సి వచ్చింది. ఢిల్లీలో సుల్తాన్ క్షేమంగానే ఉన్నాడు.

ఉలుఘ్ ఖాన్ 1323లో మళ్లీ వచ్చాడు, ఈసారి కోట పడింది. ప్రతాపరుద్రుడిని ఢిల్లీకి తీసుకెళ్తుంటే నర్మద ఒడ్డున కన్నుమూశాడు. మధ్యలో ఆ రాజ్యానికి దొరికిన గడువు ఒక అబద్ధపు మాట ఇచ్చినదే. దాన్ని ఏ ఆటలో ఏ బటన్ మీద పెట్టాలి?

కాకతీయులు, విజయనగరం ఆటలో ఉన్నారా?

విడిగా లేరు. 2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగంలో ద్రవిడియన్స్ అనే ఒకే జాతి కింద తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ రాజ్యాలన్నీ కలిపేశారు. ఒకరి మీద ఒకరు శతాబ్దాల పాటు కత్తి దూసిన రాజులు ఇక్కడ ఒకే జెండా కింద కలప కొడుతుంటారు. తెలుగువాళ్లకు విడిగా ఒక చోటు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ద్రవిడియన్స్‌కు నైట్‌లు లేరు, ఆశ్విక దళం బలహీనం. చాలామంది దీని మీద ఫిర్యాదు చేస్తారు కానీ, ఆట ఇక్కడ ఒక నిజాన్ని పట్టుకుంది. దక్షిణాదిలో మంచి యుద్ధపు గుర్రాలు పెరగవు. పాండ్య దేశంలో గుర్రాలకు అన్నం, మాంసం వండి పెట్టేవారని, అందుకే అవి చచ్చిపోయేవని మార్కో పోలో రాశాడు. కాబట్టి ఓడల్లో అరేబియా, హోర్ముజ్ నుంచి తెప్పించుకోవాల్సిందే. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రేవులను బాగా చూసుకో, గుర్రాలు, ఏనుగులు వచ్చేలా చెయ్యి అని రాజనీతిగా చెప్పడం ఈ అవసరంలోంచి వచ్చిందే. ఆ గుర్రాలు శత్రువుల రేవులకు వెళ్తే, అదే గుర్రం మన మీదికి వస్తుంది.

సాళువ నరసింహుడు దీనికి చేసిన ఏర్పాటు ఏ ఆటలోనూ చూడలేదు. హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులకు అడిగిన ధర ఇచ్చేవాడని నూనిజ్ రాశాడు. మూడు గుర్రాలకు 1,000 పర్దావులు, అంటే బంగారు నాణేలు. బతికున్నా, చచ్చినా ఒకటే రేటు. సముద్రంలో చనిపోయిన గుర్రానికి వర్తకుడు దాని తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, పూర్తి ధర చేతిలో పెట్టేవాడు.